మూలకుళంలో గ్రైండర్ డెలివరీ

దీపావళి ముందు వారం పుదుచ్చేరిలో జనం అన్నం మానేసి పార్సిళ్ళు తింటారు. తట్టాంచావడి గోడౌనులో ఆ వారం అట్టపెట్టెలు ఎంత ఎత్తున పేరుస్తారంటే, పైవరస పెట్టెలు వానకు కాదు, మబ్బులు రాసుకుని తడుస్తాయి. ఆ పర్వతంలో మా వంతు ముక్కను విరిచి, మినీ లారీకెక్కించి, పొద్దుగూకినప్పటి నుంచి ఊరికి పంచిపెట్టడం మా పని. మేమంటే నేనూ, మా ఆవిడ తమ్ముడూ.

మా బామ్మర్దికి నలభై దాటాయి. మనిషి గొడుగు కమ్మిలా ఉంటాడు, కోపం మాత్రం నిండు గ్యాస్ సిలిండరంత. కళ్ళు ఇంకో రకం. చిమ్మచీకట్లో నల్లకుక్క తోక ఎడమకు ఊగుతోందా కుడికి ఊగుతోందా అన్నది బండి నడుపుతూనే చెప్పేస్తాడు. ఆ కళ్ళను నమ్ముకునే గవర్నమెంటు బస్సు డ్రైవరు పనికి దరఖాస్తు పెట్టాడు. రాత పరీక్ష గట్టెక్కాడు, బండి తోలి చూపించాడు, ఇక పండగ వెళ్ళగానే కంటి పరీక్ష ఒక్కటే మిగిలింది. అది పూర్తయితే పింఛనుండే ఉద్యోగం. మా వంశంలో పింఛను ముఖం చూసినవాడు ఇంతవరకూ లేడు కాబట్టి, ఇంటిల్లిపాదీ వాడి కళ్ళను దేవుడి పటాల్లా చూసుకునేవాళ్ళం. మా ఆవిడైతే వాడి కంచంలోకి మునగాకు వేసీ వేసీ, వీధిలో ఒక్క మునగచెట్టుకు ఆకు లేకుండా చేసింది.

ఆ రాత్రి సన్న జల్లు. మూలకుళంలో ఒక వీధికి వెళ్ళాం. రెండు పిల్లులు ఎదురుపడితే ఒకటి రివర్సు పోవలసినంత ఇరుకు వీధి. మొదటి ఇల్లు తాళం. ఫోన్ చేస్తే ఆ ఇల్లాలు, పుట్టింట్లో ఉన్నాననీ, గోడ దూకి పెరట్లో బట్టలుతికే రాయి పక్కన రేకు కింద పెట్టేసి పొమ్మనీ చెప్పింది. సీజనులో ఇది మామూలే. ఇంట్లో మనిషి లేకపోతే, చెప్పినచోట పెట్టి ఫోటో తీసి పంపితే చాలు. వాడు గోడ దూకాడు. నేను పెట్టె అందించి, బండి తిప్పుకురావడానికి వీధి చివరికి పోయాను.

మాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ చుట్టుపక్కల ఆ నెలలో తాళాలేసిన ఇళ్ళు పగలగొట్టి బంగారం ఎత్తుకుపోయారు. అందుకని వీధి మగవాళ్ళంతా రాత్రిళ్ళు ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కాపలా కాస్తున్నారు. మందు చవకగా దొరికే పుదుచ్చేరి కాబట్టి కుర్చీ కింద సీసా ఉండటం కొత్తేమీ కాదు. సీసా ఖాళీ అయ్యేకొద్దీ కాపలాదారుల ధైర్యం పొంగి పొంగి, మురిక్కాలవ దాటి పక్క వీధిలోకి పారుతోంది. దొంగ ఇంకా ఎందుకు రాలేదని వాళ్ళకు బెంగ పట్టుకున్న సమయానికి, తాళం వేసిన ఇంటి పెరట్లో తళుక్కుమని మెరుపు మెరిసింది. మా వాడు ఫోటో తీశాడు.

వెలుగు కోసం ఫోను పళ్ళ మధ్య కరుచుకుని గోడెక్కిన మనిషిని కాళ్ళు పట్టి కిందికి గుంజారు. మోకాలి కింద పడిన మొదటి దెబ్బ చప్పుడు వీధి చివర బండిలో ఉన్న నాకు వినిపించింది. కొబ్బరిబోండాం కొట్టినట్టుంది. ఎవరో బోండాం తాగుతున్నారనుకుని, నాకూ ఒకటి ఉంటే బాగుండుననుకున్నాను కూడా. ఫోను చెప్పుల కింద పొడి అయింది. బట్టలారేసే నైలాను తాడుతో కరెంటు స్తంభానికి కట్టేశారు. తర్వాత వంతులు. కర్ర ఉన్నవాడు కర్రతో, క్రికెట్ బ్యాటు ఉన్నవాడు బ్యాటుతో, ఏమీ దొరకనివాడు తను కూర్చున్న కుర్చీతో.

నేను బండిని వెనక్కి తోలుకుంటూ వస్తున్నాను. మా బండి రివర్సులో పిల్లల పుట్టినరోజు పాటలాంటిదొకటి పాడుతుంది. ఆ పాట మోగుతుండగా, వెనక దీపాల ఎర్ర వెలుగులో, పక్కద్దంలో చూశాను. బనియను మీద తువ్వాలు వేసుకున్న ఒక భారీ మనిషి, స్తంభమంత మెడ, గోడంత వీపు, చేతిలో ఇనుపరాడ్డు. ఆ రాడ్డు లేచింది. మా వాడి కనుబొమ్మ మీద దిగింది. చర్మం చీలి కిందికి వేలాడింది, కంటిగుంట నెత్తురుతో నిండి గడ్డం మీదుగా చొక్కాలోకి కారింది.

"బావా, కన్ను బావా. కన్ను పాయె."

పగలంతా తమిళమే మాట్లాడేవాడు, తమిళంలో బేరాలాడేవాడు, తమిళంలో బూతులు తిట్టేవాడు, ప్రాణం మీదికి వచ్చేసరికి ఇంట్లో మాట్లాడే తెలుగులో అరిచాడు. అదే కొంప ముంచింది. ఏదో అర్థం కాని భాష వినపడేసరికి, ఇది పైనుంచి దిగిన ముఠా అని గుంపు తేల్చేసింది. అంతవరకూ ఊరి దొంగకు తగ్గట్టు కొడుతున్నవాళ్ళు, ఆపైన పరరాష్ట్ర దొంగకు తగ్గట్టు కొట్టడం మొదలెట్టారు.

నేను దూకి పరిగెత్తాను. నా పరుగుకు లుంగీ ఊడింది, గాలికి చెప్పులు ఎగిరిపోయాయి. గుంపులో దూరేసరికి చెంప మీద ఒకటి పడింది. ఆ దెబ్బకు నా తల ఒక చుట్టు తిరిగి, తమిళం మొత్తం అవతలి చెవిలోంచి రాలిపోయింది. నా నోటా తెలుగే వచ్చింది. వీడు దొంగ కాదయ్యా, మా ఇంటిదాని తమ్ముడు, వచ్చే నెల బస్సుకు కంటి పరీక్ష ఉండాది, కంటిమీద కొట్టొద్దని మొత్తుకున్నాను.

బనియను మనిషి నా మెడ పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. సీసా వాసన కొట్టింది. నా చెవిలో, ఎవరికీ వినబడకుండా, శుభ్రమైన మన ఇళ్ళలోని తెలుగులో అన్నాడు.

"తెలుగులో మాట్లాడబాకయ్యా. వీళ్ళు నా పక్క గూడా చూస్తుండారు."

నేనూ గొంతు తగ్గించి అడిగాను.

"మీరు మనోళ్ళేనా?"

"మా తాతప్పటి నుంచి ఈడే ఉండాము. నోర్మూసుకో."

అలా అని, గుంపుకు వినబడేలా తమిళంలో నన్నొక మాట తిట్టి, వెళ్ళి మా వాడి పక్కటెముకల మీద రాడ్డుతో మళ్ళీ పొడిచాడు. అందరికంటే గట్టిగా అతనే ఎందుకు కొడుతున్నాడో అప్పుడర్థమైంది. మిగతావాళ్ళు దొంగను కొడుతున్నారు. అతను తనది ఆ భాష కాదని రుజువు చేసుకుంటున్నాడు.

జాకీ రాడ్డు తెచ్చి ఒకడినైనా పడగొట్టి చద్దామని బండి వెనక్కి ఉరికాను. తలుపు లాగగానే పెట్టెలు నా మీదికి కూలాయి. లోడు ఎప్పుడూ తలకిందులుగా ఎక్కిస్తాం. ఆఖరి వీధి సరుకు అడుగున, ముందు దిగే వీధిది తలుపు పక్కన. అంటే నా నెత్తిన పడినవన్నీ ఆ వీధివే. పైన చీటీల మీద ఇంటి నంబర్లు.

తెలివి కాదు, భయం. భయానికే నా తమిళం తిరిగొచ్చింది. చేపలమ్మే ఆమె గొంతుతో, కడలూరు దాకా వినబడేలా, నంబరు, సరుకు, నంబరు, సరుకు అని అరవసాగాను. ఈ నంబరుకు పట్టుచీర. ఆ నంబరుకు మిక్సీ. మేడ మీద ఇంటికి పిల్లల సైకిలు.

ఒక కర్ర గాల్లో ఆగింది. ఆ కర్ర తాలూకు మనిషి తలతిప్పి, ఆ నంబరు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. కర్ర దించి, చేతులు లుంగీకి తుడుచుకుని వచ్చాడు. బ్యాటు మనిషి మాత్రం చేతిలో ఉన్న ఒక దెబ్బ మధ్యలో వదలడం ఇష్టంలేక, అది కొట్టేసే వచ్చాడు. వచ్చి, మిక్సీకి మూడు జార్లూ ఉన్నాయా అని నన్నడిగాడు. కాసేపటికి బండి వెనక, ముక్కు తుడుచుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ, పెద్ద వరస. పండగ సరుకు ఇంకా రాలేదని వారం నుంచి ఇళ్ళలో తిట్లు తింటున్న మగవాళ్ళు వాళ్ళంతా.

సరుకు ఇవ్వాలంటే కంపెనీ ఇచ్చిన డెలివరీ మెషీను తెరుచుకోవాలి, మెషీనుకు మా వాడి బొటనవేలు పడాలి, ఆ వేలు స్తంభానికి కట్టి ఉంది. ఆ మాటే చెప్పాను. ఆ దెబ్బకు తాడు విప్పేశారు. ఇద్దరు చంకల కింద చేతులేసి, అల్లుణ్ణి మండపానికి నడిపించినట్టు నడిపించుకొచ్చారు. కర్ర దెబ్బలకు కుడి బొటనవేలు వంకాయలా ఉబ్బింది, మెషీను గుర్తుపట్టలేదు. ఎడమది నెత్తురుతో జారింది. నా చొక్కాకు తుడిచి మళ్ళీ పెట్టించాను. తెరుచుకుంది.

ఒక కన్ను మూసుకుపోయి టమాటాలా ఉంది. రెండో కంటితో చూస్తూ, పలికిన ప్రతి మాటతో కాస్త నెత్తురు ఉమ్ముతూ, వాడు ఒక్కొక్కరినీ ఓటీపీ అడిగాడు. కళ్ళజోడు మరిచినవాడికి మేడమీంచి పెళ్ళాం అంకెలు కేకేసి చెప్పింది. ఒకడి వేళ్ళు తడిగా ఉండి ఫోను పలకలేదు. ఆ తడి మా వాడిదే. తుడుచుకో అన్నాడు వాడు, ఓపిగ్గా.

చివరికి ఒక్క పెట్టె మిగిలింది. రాతి గ్రైండర్. అది బనియను మనిషిది. రాడ్డు చంకలో పెట్టుకుని వచ్చి, మాట్లాడకుండా ఫోను వాడి ముఖం ముందు చాపాడు. ఆ మనిషి సంగతి నేను అప్పటికే మా వాడి చెవిన వేశాను.

"ఓటీపీ చెప్పన్నా" అన్నాడు మా వాడు, తెలుగులో, గట్టిగా.

అతను ఫోను ఇంకా ముందుకు జరిపాడు.

"ఒక కన్నే పని చేస్తా ఉండాది. నోటితో చెప్పు."

గుంపు చూస్తోంది. ఆ భారీ మనిషి మెడ బనియను లోపలికి దిగింది. గొంతు తగ్గించి అంకెలు చెప్పాడు. తెలుగులోనే చెప్పాడు. మా వాడు ఒక్కొక్కటే నొక్కాడు, మెషీను కీచుమంది.

మా వృత్తిధర్మం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఆ కీచు వినబడేవరకూ సరుకు మాది. సొట్ట పడితే మాకు కోత. కీచు తర్వాత సరుకు వాళ్ళది. దాని మీద ఏనుగు పడుకున్నా మాకు పట్టదు.

మా వాడు మెషీను నా చేతికిచ్చాడు. వంగి గ్రైండర్ పెట్టె ఎత్తాడు. ఒక పక్క పట్టుకుందామని పోతే మోచేత్తో నన్ను తోసేశాడు. పక్కటెముకలు విరిగిన మనిషి, ఆ రాతిని గుండెల దాకా లేపాడు.

"ఇంక నీది" అని వదిలేశాడు.

రబ్బరు చెప్పులేసుకున్న పాదం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడుకు వీధిలో కుక్కలన్నీ లేచి నిలబడ్డాయి. అతను ఏ భాషలోనూ అరవలేదు. తువ్వాలు నోట్లో కుక్కుకుని, కళ్ళు బయటికొచ్చేలా, అలా కూలబడ్డాడు. బొటనవేలి గోరు ఊడి బురదలో తెల్లగా కనబడింది.

మా ఆయువు అక్కడితో సరి అనుకున్నాను. గుంపు ఒక్క అడుగు ముందుకేసింది. కానీ ఒక్కొక్కరి రెండు చేతుల్లోనూ పెట్టె ఉంది. కింద బురద, పైన జల్లు. పట్టుచీర బురదలో పెట్టేదెవరు? మిక్సీ ఎవరికిచ్చి నన్ను కొట్టాలి? పక్కవాడి చేతుల్లోనూ మిక్సీయే. అలా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా మా వాడిని ముందు సీట్లోకి తోసి, వెనక తలుపు మూయకుండానే బండి లాగించాను. తర్వాత దింపాల్సిన ఇందిరా నగర్ పెట్టెలు రెండు మూడు దారిలో జారిపడ్డాయి. ఆగలేదు.

దారంతా వాడు ఆ కన్ను చేత్తో మూసుకునే కూర్చున్నాడు. ఏమన్నా కనపడతా ఉందా అని అడిగితే, ఎర్రగా ఉండాది బావా అన్నాడు. మళ్ళీ అడిగితే నల్లగా ఉండాది అన్నాడు. ఆ తర్వాత నేను అడగలేదు. మా ఆవిడకు ఏం చెప్పాలో ఒక ముక్క కూడా తోచలేదు.

పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో టపాకాయలకు చేతులు కాల్చుకున్నవాళ్ళతో బల్లలు నిండిపోయాయి. వాణ్ణి నేల మీదే కూర్చోబెట్టాను. చిన్న వయసు డాక్టరమ్మ వచ్చి, ఎలా జరిగిందని అడిగితే గోడ మీంచి పడ్డానన్నాడు. ఆమె కనుబొమ్మకు కుట్లు వేసింది. వేస్తున్నంతసేపూ నా చెయ్యి పిసికాడు. ఆ పిసుకుడుకు నా ఎముకలు పిండి అయ్యాయని రాయబోయాను. కాలేదు. నొప్పి పుట్టింది, అంతే.

తర్వాత ఆమె నీళ్ళతో నెత్తురు గడ్డ కడిగింది. మంచి కన్నును వాడి అరచేత్తోనే మూయించింది. వాచిన రెప్పను రెండు వేళ్ళతో విడదీసి, లోపలికి టార్చి వేసింది. చాలాసేపు చూసింది. టార్చి ఆర్పి, రెప్పను అలాగే విడదీసి పట్టుకోమని నాకు చెప్పి, కాస్త దూరం జరిగి, చెయ్యి పైకెత్తి వేళ్ళెన్ని అని తమిళంలో అడిగింది.

నేను ఆమె వేళ్ళు చూడకుండా వాడి ముఖమే చూస్తూ కూర్చున్నాను.

"రెండు. ఒకదాని గోరుకి రంగు ఊడిపోయుండాది" అన్నాడు తెలుగులో.

ఏమన్నాడని ఆమె నన్నడిగింది. తమిళంలో చెప్పాను. ఆమె తన వేలు ఒకసారి తిప్పి చూసుకుని, మడిచేసింది.