టీ కోసం కొట్టిన హారన్

1996 డిసెంబరులో, దోహాలో అకౌంటెంటుగా పనిచేస్తున్న నేను సెలవు పెట్టి, నా భార్య సరళతో అద్దె కారులో యూరప్ యాత్రకు వెళ్ళాను. ఆస్ట్రియాలోని ఒక కొండపల్లెలో మంచుబాట మీద నాలుగు కిలోమీటర్లు నడిచి కారెక్కేసరికి మా వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎదురుగా చిన్న హోటలు కనిపించింది.

దోహాలో టీ కోసం కారు దిగే అలవాటు మాకు లేదు. కొట్టు ముందు ఆపి హారన్ కొడితే కప్పు కిటికీ దగ్గరికే వస్తుంది. అలాగే ఇక్కడా ఒకసారి కొట్టాను.

"ఏవండీ, ఇది దోహాలో మనముండే ముంతజా పేట కాదు. దిగి అడుగుదాం," అన్నది సరళ.

"ఎక్కడైనా టీ కొట్టు టీ కొట్టే. నువ్వుండు," అని వరుసగా మరో ఐదుసార్లు కొట్టాను.

ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి. తాళ్ళు, పారలు, స్ట్రెచరుతో తొమ్మిదిమంది పరుగెత్తుకొచ్చారు. ఆ కొండల్లో నిమిషంలో ఆరుసార్లు శబ్దం చేస్తే ప్రాణాపాయమని అర్థమట. ముందున్న వృద్ధుడు రొప్పుతూ, "దెబ్బ ఎవరికి? ఎక్కడున్నారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

"కాలు బెణికిందని చెప్పనా?" అని సరళతో గొణిగాను.

"ఎవరి కాలు? నన్ను ఆ స్ట్రెచరు మీద పడుకోబెట్టి మోసుకుపోతారు! టీ కోసమని చెప్పండి."

చెప్పాను. ఎవరూ నవ్వలేదు, కోప్పడలేదు. "ఎవరికీ ఏమీ కాలేదు, అదే చాలు," అని ఆ పెద్దాయన నా భుజం తట్టారు. తలవంచుకున్న నాకు అప్పుడు కనిపించాయి ఆయన పాదాలు. ఇంట్లో వేసుకునే గుడ్డ చెప్పులతోనే ఆయన మంచులోకి పరుగెత్తుకొచ్చారు.