ఇంటి చెప్పుల టొరంటో

నా చిన్నప్పుడు ఐర్లాండ్‌లో కొన్నాళ్లపాటు, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి ఎవరూ వెళ్లకూడదన్న రూల్ ఉండేది. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే నేనేదో కథలు అల్లుతున్నాననుకుంటారు. అల్లడం లేదు. కోవిడ్ వచ్చిన ఏడాది అది. మొదట రెండు కిలోమీటర్లన్నారు, తర్వాత దయతలచి ఐదు చేశారు. మా ఊరు నేవన్ నుంచి బయటికి పోయే రోడ్ల మీద గార్డ్‌లు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లు ఆపి ఎక్కడికి, ఎందుకు అని అడిగేవాళ్లు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఐదు కిలోమీటర్ల లోపలే మా అమ్మమ్మ నాకు టొరంటో నగరమంతా తిప్పి చూపించింది.

అసలు సంగతి చెప్పాలంటే మా అమ్మ ఇచ్చిన మాట దగ్గర మొదలుపెట్టాలి. అమ్మ ఆస్పత్రిలో డాక్టరు. ఆవిడ సెలవు పెట్టడం, ఆ సెలవు రద్దు కావడం, నేను అలగడం మా ఇంట్లో మామూలే. ఆ ఏడు మాత్రం టికెట్లు కొన్నాక చెప్పింది. మూడు వారాలు, టొరంటోలో, మామయ్య వాళ్లింట్లో, ఆస్పత్రి ఫోన్ ఆపేసి. మూడు వారాలు అమ్మ నాకే! నేను ఆ ఊరి మ్యాపు గోడకు అంటించుకున్నాను. టవర్ ముందా, సముద్రమంత పెద్ద సరస్సులో దీవులు ముందా, చైనాటౌన్ ముందా అని నాతో నేనే వాదించుకుని, నేనే గెలిచి, రోజుకో రకంగా మార్చుకునేదాన్ని.

విమానాలు ఆగిపోయాయి. ఆగిపోవడమే కాదు, అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి నేరుగా ముందు గదిలోకి పోయి తలుపు వేసుకునేది. మాకు అంటకూడదని అక్కడే పడక, అక్కడే తిండి. కంచం గుమ్మం ముందు పెడితే, మేం పక్కకి పోయాక తీసుకునేది. టొరంటో లేదన్న సంగతి కూడా ఆ తలుపు వెనక నుంచే చెప్పింది. నేను ఆ రోజు నుంచి ఆవిడతో మాట్లాడ్డం మానేశాను. ఆవిడ తలుపు అవతల నుంచి ‘ఏం తిన్నావురా, ఏం చదివావురా’ అని అడుగుతుంటే నేను మెట్ల మీద కూర్చుని, వినిపిస్తున్నట్టు తెలియాలని కాస్త చప్పుడు చేసి, జవాబు మాత్రం ఇచ్చేదాన్ని కాదు. తప్పంటారా? నేను అనను. తొమ్మిదేళ్ల పిల్ల చేతిలో ఇంకేం ఆయుధం ఉంటుంది?

నాన్నేమో డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని ఆఫీసంతా మా వంటింటి బల్ల మీదికి తెచ్చుకున్నాడు. వీడియో మీటింగుల కోసం పైన ఇస్త్రీ చొక్కా, కింద పూల నిక్కరు. ఆయన్ను కదిలించే పని లేదు. మిగిలింది అమ్మమ్మ. మమ్మల్ని చూడ్డానికని చలికాలంలో తెనాలి నుంచి వచ్చి, తిరిగి వెళ్లే విమానం లేక ఇరుక్కుపోయింది. అంతకుముందు కొన్నేళ్ల కిందట టొరంటోలో మామయ్య ఇంట్లో ఐదు నెలలు ఉండి వచ్చిన మనిషి.

ఒక పొద్దున నా గదిలోకి వచ్చి గోడ మీద మ్యాపు కేసి చూసి, ‘దీన్ని చూసుకుంటూ ఏడిస్తే ఏమొస్తుందే, బూట్లు తొడుక్కో’ అంది. ఎక్కడికన్నాను. ‘టొరంటో.’

నేను ఇంగ్లిషులో, అచ్చమైన మీత్ కౌంటీ యాసలో మాట్లాడేదాన్ని. ఆవిడ తెనాలి తెలుగులో మాట్లాడేది. పోట్లాడుకోవడానికి ఇద్దరికీ ఆ ఏర్పాటు సరిగ్గా సరిపోయేది. ఇక్కడ నా మాటలు కూడా తెలుగులోనే రాస్తున్నాను.

చీర మీద నాన్న పాత కోటు వేసుకుని అమ్మమ్మ ముందు, చేతులు కట్టుకుని నేను వెనక. మా ఎస్టేట్, అంటే మా ఇళ్ల కాలనీ, చివర ఫుట్‌బాల్ మైదానం వెనకాల ఒక సెల్ టవర్ ఉండేది. అదే మొదటి మజిలీ. టొరంటో టవర్ ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుందని, దాని నడుం దగ్గర పెద్ద గుండ్రటి గది ఉంటుందని, ఆ గదిలో ఒకచోట నేలంతా అద్దమేనని, దాని మీద నిలబడితే పాదాల కింద ఊరు కనిపిస్తుందని చెప్పింది. అద్దం నేల ఇక్కడెక్కడుంది అని అడిగాను. రాత్రి వాన పడి రోడ్డు పక్కన మడుగు కట్టింది. దాని అంచున నన్ను నిలబెట్టి కిందికి చూడమంది. నా బూట్ల ముందు నుంచి ఆకాశం మొదలై, ఎంత లోతుకు పోయిందో తెలియదు. మబ్బులు, వాటి కింద ఇంకా మబ్బులు. నాకు నిజంగానే కళ్లు తిరిగి అమ్మమ్మ కోటు పట్టుకున్నాను. పట్టుకున్నాక కోపం వచ్చింది.

‘ఇది మడుగు.’

‘అది అద్దం. మడుగైతే ఎందుకు భయపడ్డావే’ అంది.

అలా వారం పది రోజులు తిరిగాం. బస్ స్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి ట్రామ్ ఎక్కించింది. మా డబ్లిన్‌లో తిరిగే లువాస్ లాంటిదేనట గానీ, కార్ల మధ్యలో కార్లతో పాటు పోతుందట, గంట కొట్టుకుంటూ. మా ఊరి బోయిన్ నది గట్టున కూర్చోబెట్టి ఫెర్రీ ఎక్కించి దీవులకు తీసుకుపోయింది. తర్వాత పేటలు మొదలయ్యాయి. ఊరు చూడ్డమంటే పేటలు చూడ్డమేనని ఆవిడ సిద్ధాంతం. మూసి ఉన్న చైనీస్ టేక్‌అవే ముందు చైనా పేట, పోలిష్ కొట్టు ముందు పోలండు వాళ్ల పేట, లాండ్రీ ముందు జమైకా వాళ్ల పేట. ప్రతి పేటలోనూ కట్టడాల సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి మనుషుల మీదికి పోయేది. చైనా పేటలో ఒకావిడ, చంకలో రైస్ కుక్కర్, కాళ్లకు కుందేలు చెవుల చెప్పులు. ఆ పేటలో బాతులు ఏ కొట్లో కొనాలో, ఏ కొట్లో కొంటే మోసపోతామో చెప్పిందట. పోలండాయన పైన ఖరీదైన కోటు, కింద చారల పైజమా, మెళ్లో అకార్డియన్ పెట్టె. వాళ్ల పేటలో దొరికే జామ్ బూరెల గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడట. జమైకావిడ కాళ్లకు ఒక చెప్పు ఎర్రది, ఒక చెప్పు పచ్చది, తల నిండా రోలర్లు. అమ్మమ్మ చలికి వణుకుతుంటే తన శాలువా తీసి కప్పిందట.

నేను గోడ మీది మ్యాపుతో సరిచూసేదాన్ని. పేటలన్నీ నిజమే. ఒక్కటే కుదర్లేదు. గ్రీకు వాళ్ల పేటలో కూడా ఒకాయన పిల్లిని తలగడ గలీబులో పెట్టుకుని బాత్‌రోబ్‌లో ప్రత్యక్షం కాగానే, రోడ్డు మీదే ఆగిపోయాను.

‘అమ్మమ్మా, టొరంటోలో ఎవరికీ బూట్లు లేవా?’

‘ఎందుకుండవూ?’

‘మరి అందరూ ఇంటి చెప్పుల్లో ఎందుకున్నారు? అందరి చంకలోనూ ఏదో ఒకటి ఎందుకుంది? మంచు కురిసే ఊళ్లో బాత్‌రోబ్ వేసుకుని ఎవరు తిరుగుతారు? నువ్వసలు ఆ పేటలకి వెళ్లావా?’

అమ్మమ్మ నా మొహం చూసింది. నవ్వాపుకోవాలని చూసి, ఆపుకోలేక, ఎవరింటి ముందో చిన్న గోడ ఉంటే దాని మీద కూలబడి, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వింది. ‘పట్టేశావే దొంగముండా’ అంది.

అప్పుడు చెప్పింది. టొరంటో వెళ్లింది మా మామయ్య కూతురు పుట్టినప్పుడు, పురుడు పొయ్యడానికి. పంతొమ్మిదో అంతస్తు. బయట మోకాలి లోతు మంచు. పసిదానికి నలుగు, తలంటు, బాలింతకు పథ్యం, రాత్రంతా జోల. కిటికీలోంచి టవర్ కనిపించేది, కింద ట్రామ్ కనిపించేది, దూరాన సరస్సులో ఫెర్రీ కనిపించేది. మామయ్య ప్రతి వారం ‘ఈ శనివారం తీసుకెళ్తానమ్మా’ అనేవాడు. శనివారం వచ్చేసరికి ఆఫీసో, మంచో, పిల్లకు కడుపునొప్పో.

ఒక పొద్దున పిల్లకు తలంటి, జుట్టు ఆరడానికి కప్పు సాంబ్రాణి వెలిగించింది. తెనాలిలో ఎవరైనా చేసేదే. ఆ పొగకు ఇంట్లో అలారం మోగింది. దాని వెనక బిల్డింగంతా మోగింది. పంతొమ్మిది అంతస్తులు మెట్ల మీంచి దిగి, చేతికందింది పట్టుకుని, కాళ్లకు ఉన్నదాంతో, అందరూ మంచులోకి వచ్చి నిలబడ్డారు. ఫైరింజన్లు వచ్చాయి. రైస్ కుక్కర్, అకార్డియన్, పిల్లి, రోలర్లు, ఎర్ర చెప్పు, పచ్చ చెప్పు, అన్నీ ఆ పేవ్‌మెంట్ మీదే. అందరూ పసిపిల్ల చుట్టూ మూగారు. ఎవరి ఊరేదో, ఎవరి పేట ఎక్కడో, ఏ పేటలో ఏం తినాలో, వచ్చీరాని ఇంగ్లిషులో, చేతుల్తో, అందరూ అమ్మమ్మకు చెప్పారు. నిప్పు పెట్టింది ఈవిడేనని తెలిసినా ఎవరూ ఏమీ అనలేదట. ఫైరింజనాయన కప్పు వాసన చూసి, బాగుంది, ఇంకోసారి కిటికీ తెరుచుకోమన్నాడట.

‘ఐదు నెలల్లో నేను చూసిన టొరంటో ఆ ఒక్క గంటసేపే తల్లీ. దాన్నే నీకు పేటపేటకీ పంచి పెట్టా.’

మోసపోయానని నాకు తెలుసు. ఇంకా మోసపోవాలని కూడా ఉంది. కానీ వాదన వదిలే రకం కాదుగా నేను. మామయ్య ప్రతి వారం అబద్ధం చెప్పాడు కదా, నేనైతే అతనితో మాట్లాడేదాన్నే కాదన్నాను.

‘అబద్ధమేంటి, తీసుకెళ్లాలనే అన్నాడు, కుదర్లేదు. నాకూ ఒళ్లు మండింది. బాగా పోట్లాడా. పోపు గరిటె కూడా విసిరా. అంతేగానీ నోరు మూసుకుని కూర్చున్నానా? పోట్లాడాలన్నా మాట్లాడాలి కదే!’

అమ్మ పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే అక్కడే లేచి వచ్చేసేదాన్ని.

మర్నాటి సాయంత్రం అమ్మ డ్యూటీ నుంచి వచ్చి ముందు గదిలో తలుపు వేసుకుంది. నాన్న మీటింగులో ఉన్నాడు. నేను మెట్ల మీద నా చోట ఉన్నాను. ఉన్నట్టుండి ఇంట్లో అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. హాలంతా సాంబ్రాణి పొగ. అమ్మమ్మ ‘బయటికి, బయటికి’ అని అరుస్తోంది, ఆ అరుపులో భయం మాత్రం లేదు. నేను అందింది పట్టుకుని పరిగెత్తాను. బయటికొచ్చాక చూసుకుంటే చంకలో ఇడ్లీ పాత్ర ఉంది. నాన్న ఇస్త్రీ చొక్కాలో, పూల నిక్కరులో, ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. దాని తెర మీదివాళ్లు ఇంకా మీటింగే అనుకుని మాట్లాడుతున్నారు. అమ్మ మాస్కుతో, జుట్టు తడిగా, ఒక కాలికి నా చెప్పు, ఒక కాలికి నాన్న చెప్పు వేసుకుని వచ్చి, మాకు దూరంగా కారు అవతల నిలబడింది. ఆవిణ్ణి తలుపు అడ్డం లేకుండా అన్నాళ్లకు అప్పుడే చూడటం.

ఎదురింటాయన గడ్డానికి నురగతో బయటికొచ్చి ‘ఆర్ యూ ఆల్ గ్రాండ్ దేర్?’ అని, అంటే అందరూ బాగానే ఉన్నారా అని, అరిచాడు. పక్కింటావిడ డ్రెస్సింగ్ గౌనులో వచ్చి, గోడ మీద టీ కప్పులు పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి నిలబడింది. ఆవిడ కాళ్లకు కుందేలు చెవుల చెప్పులు. ఒట్టు.

అమ్మ కాళ్లకేసి చూశాను. పక్కింటావిడ కాళ్లకేసి చూశాను. నాకు నవ్వాగలేదు. ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్న నోరు దానంతటదే తెరుచుకుంది.

‘అమ్మా! ఇది టొరంటో!’

‘ఏంటీ?’ అంది అమ్మ.

‘టొరంటో! నువ్వు మూడు వారాలన్నావు! టికెట్లు కూడా కొన్నావు! ఫోన్ ఆపేస్తానన్నావు!’

‘అన్నాను! ఇప్పటికీ అంటున్నాను! విమానం నేను నడుపుతానటే?’

‘నడుపుతానని నువ్వనలేదు, తీసుకెళ్తానన్నావు!’

‘తీసుకెళ్తా! నీకు మీసాలొచ్చినా తీసుకెళ్తా!’

కారుకి ఇటు నేను, అటు ఆవిడ, ఎస్టేట్ అంతా వినేలా పోట్లాడుకున్నాం. మధ్యలో ఆవిడ నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది, ఆ ఇడ్లీ పాత్ర దేనికని అడిగింది. అప్పుడు నేను ఆవిడకు టొరంటో చూపించడం మొదలుపెట్టాను. ఎదురింటాయన నురగ గడ్డం గ్రీకు పేట, టీ కప్పుల గోడ పోలండు పేట, కారు వెనక నీళ్ల మడుగు టవర్‌లో అద్దం నేల. టీ చల్లారేదాకా తిప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ కిటికీ లోపల, నేను బయట గడ్డి మీద, రోజూ సాయంత్రం ఒక పేట, ఒక పోట్లాట.

కప్పు సాంబ్రాణిని అమ్మమ్మ వంటింట్లో కాదు, హాల్లో సరిగ్గా అలారం కింద స్టూలు మీద పెట్టి వెలిగించిందని నాన్న కనిపెట్టాడు. అడిగితే, ‘గురువారం కదా, వెయ్యొద్దూ?’ అంది. ఆ రోజు మంగళవారం.

టొరంటో తర్వాత నిజంగానే వెళ్లాం, అమ్మా నేనూ. మీసాలు రాకముందే. అద్దం నేల మీద నిలబడ్డాను. మా మడుగే లోతుగా ఉండేదని అక్కడే గట్టిగా చెబితే, పక్కనున్నవాళ్లు తిరిగి చూశారు. పేటలన్నీ తిరిగాం, బాతులు తిన్నాం, జామ్ బూరెలు తిన్నాం. అందరూ బూట్లు వేసుకుని ఉన్నారు. ఎవరి చంకలోనూ ఏమీ లేదు. అందమైన ఊరే, కాదనను.

నాకు నోరెక్కువని నలుగురూ అంటారు. మా ఆయన కూడా అంటాడు. అననివ్వండి. కోపమొస్తే అరుస్తాను, తప్పయితే ఒప్పుకోవడానికి ముందు ఇంకాస్త అరుస్తాను. నోరు మూసుకుని తలుపు వేసుకోవడం మాత్రం ఆ సాయంత్రంతో పోయింది. మా పెద్దదానికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. పోయిన నెల నా మీద కోపంతో గది తలుపు వేసుకుని రెండు రోజులు మాట్లాడలేదు. నేను తలుపు కొట్టలేదు, బతిమాలలేదు. వంటింటి ప్రెస్‌లో, అంటే అలమారాలో, పంచదార డబ్బా వెనకాల, కప్పు సాంబ్రాణి పొట్లం ఒకటి ఎప్పుడూ ఉంచుతాను. మా ఇంటికొచ్చినవాళ్లు అది దేవుడి కోసమనుకుంటారు.

స్టూలు తెచ్చి, అలారం కింద వేశాను.