చిన్నమ్మ చెప్పిన ‘కొట్టినారు’

మొన్న ఆదివారం కడప నుంచి మా వియ్యపురాలు వచ్చింది. ఇద్దరం కాఫీ తాగుతూ కూర్చుని ఉంటే మా మనవరాలు వంటింట్లో నుంచి వచ్చి, “అవ్వా, తంబి పాలు కొట్టినాడు” అంది. వియ్యపురాలు గ్లాసు కింద పెట్టి, ఎవర్ని కొట్టినాడో, దెబ్బ యాడ తగిలిందో అని కంగారుగా లేచింది. మేమంతా ఒకటే నవ్వు. తిరుత్తణి పక్క మా ఇళ్ళలో తెలుగు ఇట్లాగే ఉంటుంది. అరవంలో కొట్టడమంటే ఒలకబోయడం, కుమ్మరించడం. పిల్లలు బళ్ళో చదివేది అరవమే కాబట్టి ఆ మాట చెప్పాపెట్టకుండా మా తెలుగులోకి వచ్చి కూర్చుంది. వియ్యపురాలికి అదంతా చెప్పి, గుడ్డ తెచ్చి పాలు తుడిచాను. తుడుస్తుంటే నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. చిన్నాయన జైలుకు పోవాలో ఇంటికి రావాలో ఒకప్పుడు ఈ మాట దగ్గరే ఆగింది మరి.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పొడుగు మనిషి, ముందు పళ్ళ మధ్య సందు, చెవులకు ఎర్రరాళ్ళ కమ్మలు. కోళ్ళను తెలుగులో తిట్టేది, బస్సు కండక్టర్ని అరవంలో తిట్టేది. ఆమె ఏ భాషలో తిట్టినా ఎదుటివాళ్ళకు ఇంకో మాట మిగిలేది కాదు. చిన్నాయన దానికి సరిగ్గా తిరగేసిన మనిషి. ఎవరైనా పేరడిగినా ముందు ఆమె మొహం చూసి తర్వాత చెప్పేవాడు. అట్లాంటాయన పోలీసుల మీద రాళ్ళు కుమ్మరించాడని కేసు పెట్టారంటే ఊళ్ళో ఏడ్చేవాళ్ళకు కూడా నవ్వొచ్చింది.

ఆ ఏడు వానల్లేవు. ఎవరో బయటివాళ్ళు వచ్చి ఏటి పక్కన బోర్లు వేసి, నీళ్ళను లారీలకెత్తి పట్నానికి అమ్ముకుంటున్నారు. మా బావులు ఒక్కొక్కటీ అడుగు కనబడ్డాయి. చెనక్కాయ చేలు పూతలోనే మాడిపోతుంటే చూసి చూసి, మగవాళ్ళు రెండు బండ్ల రాళ్ళు తెచ్చి రోడ్డుకు అడ్డంగా పోసి కూర్చున్నారు. చిన్నమ్మ వాళ్ళకు సంగటి ఎత్తుకుపోయింది. ఆమె గంప దించుతుండగానే పోలీసు లారీ వచ్చింది. దిగారు. అడగడాలూ చెప్పడాలూ ఏమీ లేవు, కర్రలతో బాదారు. చిన్నాయన తలకు చెయ్యి అడ్డం పెట్టుకుంటే మోచెయ్యి విరిగింది. నేను ఈ కళ్ళతో చూళ్ళేదు. చూసింది చిన్నమ్మ. సంగటి ముద్దలు రోడ్డుమీద దొర్లిన వైపు కూడా చెప్పేది.

తీరా కేసు ఎట్లా రాశారంటే, మనవాళ్ళే రాళ్ళు వేశారట, చిన్నాయన తను పోసిన రాళ్ళ మీద తనే పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. దాని మీద విచారణ పెట్టారు. దెబ్బలు తిన్నవాళ్ళలో కొందరు అత్తగారిళ్ళకు పోయారు, కొందరికి ఉన్నట్టుండి ఏమీ గుర్తులేకుండా పోయింది. చిన్నమ్మ బావగారు ఇంటికొచ్చి, ఆడదానివి నీకెందుకు, ఊరకుండమన్నాడు. ఆమె విస్తరి వేసి అన్నం పెట్టి, “చూడకపోయుంటే ఊరకుందును బావా. చూసినాను గదా, ఇంక యాడ పెట్టుకునేది దాన్ని?” అంది. ఆయన తిని వెళ్ళిపోయాడు.

విచారణ తిరువళ్ళూరులో. నాకప్పుడు కొత్తగా పెళ్ళయింది. తోడుగా వెళ్ళాను. పెద్ద బల్ల వెనక ఆఫీసరు, ఒక పక్క పోలీసుల తరఫు వకీలు, ఇంకో పక్క రాసుకునే గుమాస్తా. ఆ గుమాస్తా తంజావూరు వైపు నుంచి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు, తెలుగు చెవిన పడి ఎరగడు. చిన్నమ్మ అరవంలోనే మొదలుపెట్టింది, చక్కగా చెప్పుకుపోయింది. కల్లు పోట్టాంగ అంది, అంటే రాళ్ళు వేశారని. లారీ వందుచ్చు అంది, వచ్చిందని. ఎరంగినాంగ అంది, దిగారని. ఆ తర్వాత “కొట్టినారు” అంది. ఆ ఒక్క మాటా తెలుగులో వచ్చింది. సంతలో, బస్సులో మనకు అరవం చాలు గానీ, ఒంటికి తగిలింది చెప్పాలంటే నోరు దాని దారిన అది పోతుంది.

గుమాస్తా తను విన్నదే రాశాడు. చదివి వినిపించాడు. రాళ్ళు వేశారు, లారీ వచ్చింది, దిగగానే కుమ్మరించారు! ఇంకేముంది, పోలీసులు దిగాక వాళ్ళ మీద రాళ్ళు కుమ్మరించారని పెళ్ళామే సాక్ష్యం చెప్పినట్టయింది. వకీలు వేలిముద్ర డబ్బీ ఆమె ముందుకు జరిపాడు.

చిన్నమ్మ వేలు ఇవ్వలేదు. నేను చెప్పింది అది కాదంది. ఆఫీసరు మెత్తటివాడే, సరే అరవంలో ఇంకోసారి చెప్పమన్నాడు. వకీలు ఒప్పుకోలేదు. ఆ మాట అందరం విన్నాం, ఇప్పుడు ఇంకోటి చెబితే మార్చి చెప్పినట్టే అన్నాడు.

“మార్చేదేముంది సామీ,” అంది చిన్నమ్మ, “నేను చెప్పిన మాట అట్లనే ఉండనీ. దానికి అర్థం చూపిస్తా.”

ఆఫీసరు బల్ల మీద మూతపెట్టిన నీళ్ళ గ్లాసు తీసి, నిదానంగా నేల మీద పోసింది. “ఇది మీ కొట్టడం.” నీళ్ళు పారి వకీలు బూట్ల కిందకు పోయాయి. తర్వాత గుమాస్తా ముందున్న రూళ్ళకర్ర తీసుకుని బల్ల మీద ఒక్కటేసింది. సిరా డబ్బీ ఎగిరి పడింది, గుమాస్తా కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. “ఇది మా కొట్టడం. నా మొగుని మోచేతి మీద పడింది ఇది. అది కాదు.”

వాకిట్లో బంట్రోతు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. వకీలు ఇదేమన్నా నాటకమా అన్నాడు. “నాటకమైతే నువ్వెందుకన్నా బూట్లు తుడుచుకునేది?” అంది చిన్నమ్మ.

ఆఫీసరు రూళ్ళకర్ర అందుకుని గుమాస్తా ముందు పెట్టాడు. ఆ మాటను తెలుగు అక్షరాల్లోనే రాసి పక్కన అరవంలో అర్థం రాయమన్నాడు. గుమాస్తాకు చేతకాదు, వకీలుకు రాదు. చిన్నమ్మ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. నేను మూడో తరగతి వరకు తెలుగు బళ్ళో చదివాను. రాసి చాలా ఏండ్లయిందేమో, ట కు పెట్టిన ఒత్తు కింది వరసలోకి దిగబడింది. గుమాస్తా దాని పక్కన ‘అడిచాంగ’ అని రాశాడు, అరవంలో బాదారని. చిన్నమ్మ రెండూ చదివించుకుని విని, అప్పుడు నొక్కింది వేలు.

చిన్నాయన మీద కేసు పోయింది. కొట్టినవాళ్ళను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్ళ లారీలు ఇంకో దోవన తిరిగాయి. చిన్నాయన చెయ్యి మళ్ళీ తిన్నగా కాలేదు, సంచి తగిలించుకోవడానికి వాటంగా ఉందనేవాడు. చిన్నమ్మ మటుకు ముసలిదయ్యాక కూడా, రోడ్డున పోలీసు లారీ కనబడితే చేతిలో పని ఆపి లేచి నిలబడేది. దండం పెట్టడానికి కాదు. లారీలో కూర్చున్న ఒక్కో మొహాన్నీ, అది మలుపు తిరిగేదాకా చూసేది. లోపలివాళ్ళే తల తిప్పుకునేవాళ్ళు.

ఒకసారి నేనే ఉండబట్టలేక, వీళ్ళెవరో కుర్రవాళ్ళు, అది జరిగి ఎన్నేండ్లయిందో, ఇంక వదిలేయరాదా అన్నాను.

“ఏండ్లయితే జరగలేదని అవుతుందా?” అంది.

ఇప్పుడు ఆమె లేదు, చిన్నాయనా లేడు, ఆ రోడ్డు మీద కూర్చున్నవాళ్ళలో ఒకరో ఇద్దరో మిగిలారు. ఏండ్లు మనుషుల్ని తీసుకుపోతాయి, వాటిని ఆపగలిగినవాళ్ళు లేరు. కానీ చూసినవాళ్ళు ఒక్కరు నిలబడి నోరు తెరిచి చెప్పారంటే, ఆ జరిగినదాన్ని మటుకు ఏండ్లు మొయ్యలేక ఇక్కడే వదిలేసి పోతాయి.