పిల్లనిచ్చిన అక్క

అక్క తమ్ముడికి కిడ్నీ ఇచ్చింది గానీ వదులుకోలేదు. కూతుర్ని కాపురానికి పంపిన తల్లిలా, అది ఎలా ఉందో చూసిపోవడానికి వారం వారం వచ్చేది. అవయవదాతల్ని దేవతలతో పోల్చేవాళ్ళు ఆవిడతో ఒక్క పూట గడిపితే ఆ పోలిక వెనక్కి తీసుకుంటారు. దేవతలు చెప్పులు విప్పకముందే "మా పిల్లకి నీళ్ళు సరిగ్గా ఇస్తున్నావా?" అని నిలదీయరు.

ఆవిడ డ్రైవింగ్ స్కూలు నడిపేది. ఎదుటివాడు తప్పు చేయబోతున్నాడనిపిస్తే చాలు, కూర్చున్నచోటే కుడికాలితో నేలను తొక్కేది. తమ్ముడు భోజనాల దగ్గర ఉప్పుడబ్బా వైపు చెయ్యి చాపితే బల్లకింద ధన్‌మని బ్రేకు పడేది.

"అల్లుడుగారూ, మా పిల్ల ఉప్పు తినదు."

"తినేది నేను కదక్కా."

"కాపురం చేసేది అది. దాన్నడుగు."

తమ్ముడి భార్య కూడా ఆవిడ పక్షమే. "వదినా, నిన్న అర్ధరాత్రిదాకా మీ పిల్లని కూర్చోబెట్టి టీవీ చూశారు," అని చాడీలు మోసేది. తమ్ముడు ఇద్దరితోనూ పోట్లాడి, చివరికి టీవీ కట్టేసేవాడు.

కిడ్నీ దివ్యంగా పనిచేస్తుండగా అతని నడుములో నొప్పి మొదలైంది. కొత్త కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా వాడే మాత్రల్లో కొన్ని ఎముకల్ని గుల్ల చేస్తాయనీ, నొప్పి వస్తే దాచొద్దనీ డాక్టరు ముందే చెప్పింది. అతను శుభ్రంగా దాచాడు. చెబితే ఆ మాత్ర తగ్గిస్తారు, తగ్గిస్తే అక్క కిడ్నీ పోతుంది, ఇదీ అతని లెక్క. అతని పని గడియారాలు బాగుచేయడం, అందుకే ఒక చక్రం తీస్తే రెండోది ఆగుతుందని నమ్మేశాడు. ఎక్కడ పడతానోనన్న భయంతో నడక కూడా మానేశాడు.

ఒకసారి అక్క వచ్చేసరికి అతను పనిబల్ల ముందున్నాడు. చేతిలోంచి చిన్న స్క్రూ జారి కిందపడింది. అతను దానివంక చూసి, డబ్బాలోంచి ఇంకోటి తీసుకున్నాడు.

ఇదివరకైతే పడిపోయిన స్క్రూ కోసం నేలంతా పాకేవాడు. అక్క కాలు లేవబోయి ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంటక్కా?"

"నటించకు. నడుమేగా?"

"పిల్ల బాగానే ఉందక్కా."

"పిల్లనెవడు అడిగాడు?"

మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళింది. స్కానింగు అయ్యాక డాక్టరు కాగితాలు తిప్పుతూ, "ముందు శుభవార్త. కిడ్నీ..." అంది.

"దాని సంగతి తర్వాత. వీడి వెన్ను ఎలా ఉందో చెప్పండి," అంది అక్క.

తమ్ముడు తెల్లబోయాడు. ఆవిడ నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

వెన్నుపూస ఒకటి కాస్త నొక్కుకుపోయింది. మందుంది, నొప్పి తగ్గాక నెమ్మదిగా నడవాలి, బరువులెత్తకూడదు అంది డాక్టరు. "మాత్ర తగ్గిస్తే కిడ్నీ పోదా?" అని గొణిగాడు తమ్ముడు.

"ఏది తగ్గించాలో, ఏది ఉంచాలో చూడ్డానికేగా నేనున్నది? మీరు దాస్తేనే రెండూ పోయేది."

వరండాలోకి రాగానే అక్క అందుకుంది. "ఇల్లు కూలిపోతుంటే పిల్ల మాత్రం ఎక్కడుంటుందిరా? ఎందుకు చెప్పలేదు?"

"నువ్విచ్చింది పాడుచేశాక నీకు ఏ మొహం పెట్టుకుని కనపడను?"

అక్క అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుంది.

"ఆపరేషనయ్యాక మొదటిసారి మీ ఇంటికొస్తే చేతులు కట్టుకుని నిలబడ్డావు. గుర్తుందా? కూర్చోమంటే గానీ కూర్చోలేదు. చిన్నప్పుడు నా జడ పీకినవాడివి. ఆ పూటే ఈ పిల్ల గోల మొదలెట్టాను. నాకు దండాలు పెట్టే తమ్ముడెందుకురా? పోట్లాడేవాడు కావాలి."

తమ్ముడు చేతులు జోడించబోయాడు. "అక్కా, నువ్వే లేకపోతే నేను..."

ఆసుపత్రి వరండా అదిరేలా ధన్‌మని బ్రేకు పడింది.