నా కోసం ఒక వంకర లేబుల్

కళ్యాణదుర్గంలో నాకు చిన్న వేరుశనగ చిక్కీ కార్ఖానా ఉంది. ఎనిమిదేళ్లుగా రోజూ మధ్యాహ్నం భోజనానికి ముందు ప్యాకింగ్ గదిలోకి వెళ్తాను. వంకరగా అతికించిన లేబుల్ ఒకటి తప్పకుండా నా కంట పడుతుంది. దాన్ని పీకి, సరిగ్గా అతికించి, నాలుగు మాటలు అనేసి వస్తాను. నేను చూడకపోతే అక్కడ ఏదీ సవ్యంగా జరగదని నా నమ్మకం.

ఈ రోజు పది నిమిషాలు ముందే వెళ్లాను. ప్యాకింగ్ చూసే ఓబులమ్మక్క ఒక డబ్బాకు కావాలనే లేబుల్ వంకరగా అతికించి, అన్నిటికంటే పైన పెడుతోంది.

“ఏమక్కా, ఏం చేస్తాండావు?” అన్నాను.

ఆమె దాచలేదు. “నీకోసరమేమ్మా. ఒకటి దొరికితే సరిజేసి పోతావు. దొరక్కుంటే కట్టిన పెట్టెలన్నీ విప్పిస్తావు. మేము అన్నం తినేకి మూడైతాది.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మొదటి ఏడాది నుంచే.”

కోపం రావాలి. రాలేదు. “ఇంక చూడనులే, పోయి తినండి” అన్నాను. ఎవరూ కదల్లేదు. నేనే బయటికి వచ్చేశాను.

నా గదిలో ఒక్కదాన్నే క్యారియర్ విప్పాను. గోడకు అవతల వాళ్లు ఊరిబిండి పచ్చడి పంచుకుంటూ పెద్దగా నవ్వుకుంటున్నారు. తప్పు వెతకడానికి కాకపోతే, రేపు ఆ గదిలోకి ఏమని వెళ్లాలో నాకు తోచలేదు.

సాయంత్రం వస్తూ ఆ డబ్బా ఇంటికి తెచ్చుకున్నాను. ఎదురుగానే ఉంది, లేబుల్ ఇంకా సరిచేయలేదు. మీకోసం కూడా ఎవరైనా ఇలా ఓ తప్పు తీసిపెడుతున్నారేమో, రేపు పది నిమిషాలు ముందే వెళ్లి చూడండి. ఏం కనబడిందో రాయండి. రేపు మధ్యాహ్నం నేను ఖాళీగానే ఉంటాను.