కండ చుట్టూ పొర

తెనాలిలో మాది మాంసం కొట్టు. ఓ రోజు పైన తగిలించిన కత్తి జారిపడి మా ఆయన కుడి మణికట్టు తెగింది. నరం తెగిందన్నారు, ఆపరేషన్ చేసి అతికించారు. గాయం మానింది, కుట్లు తీశారు. కుడిచేతి బొటనవేలు మాత్రం మొద్దుబారిపోయింది, లోపలికి వంగలేదు. బొటనవేలు లేనిదే కత్తి పట్టేదెలా? కత్తి పట్టనిదే మేం బతికేదెలా?

బాపట్లలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. "బాబాయ్, కండలో ఒక్కో పోగు చుట్టూ సన్నటి పొర ఉంటుందండి. నరం పనిచేస్తున్నంత కాలం అది మెత్తగా ఉంటుంది. నరం ఊరుకుంటే మందమై బిగుసుకుంటుంది. మీ నరం మెల్లగా పెరుగుతోంది. అది అరచేతి కండ దాకా వచ్చేలోపు పొర గట్టిపడితే కండ కదల్లేదు. అందుకే వేళ్ళు రోజూ వంచుతుండాలి" అంది.

నాకు బుర్ర తిరిగిపోయింది. తెగింది మణికట్టు దగ్గర. అరచేతిలో కండకి దెబ్బే తగల్లేదు. మరి దాని పొరకేం వచ్చింది? "కరెంటు పోతే గోడ గట్టిపడుతుందా అమ్మా?" అని అడిగేశాను.

"నరం కండని కదపడమే కాదు పిన్నీ, దాని చుట్టుపక్కల బాగోగులూ చూస్తుంది" అంది. తలూపాను. అర్థమైతే ఒట్టు!

మా ఆయనకి అర్థమైంది, అదే చిక్కు. "ముదురు మాంసంలో పొర నాకు తెలీదా? బిగిసిందంటే ఇంక అంతే" అని చెయ్యి ఒళ్ళో పడేసుకున్నాడు. రేపల్లె నుంచి వచ్చిన మా ఆడపడుచుది ఇంకో మాట: "కదిపితే అతుకు ఊడుతుంది, కట్టు కట్టి ఉంచమ్మా."

పొద్దున ఆవిడ మాట నిజమనిపించేది, సాయంత్రం ఆ అమ్మాయి మాట. భయం, చిరాకు, ఒళ్ళు మంట. అయినా ఆయన చెయ్యి లాక్కుని వేళ్ళు వంచేదాన్ని.

"తెలియని పని ఎందుకు చేస్తావే?" అనేవాడు.

"తెలియకే చేస్తున్నానండీ, ఊరుకోండి!"

అలా నెలలు గడిచాయి. ఓసారి బాపట్ల నుంచి రైల్లో తిరిగొస్తుంటే, కిటికీలోంచి చూస్తూనే విసుక్కున్నాడు. "వంచింది చాల్లే, కాసేపు వదులు."

నా రెండు చేతుల్లో పల్లీల పొట్లం ఉంది. వంగి చూశాను. బొటనవేలు కొంచెం లోపలికి ముడుచుకుని ఉంది.

"నేను పట్టుకోలేదండీ" అన్నాను.

తిరిగి చూశాడు. వేలి వంక, నా చేతుల వంక.

"మళ్ళీ కదపండి, ఏదీ!"

"ఎలా కదిపానో నాకు తెలిస్తేగా" అన్నాడు.