హెలెన్ రాయి మీద మాట

ముప్పై ఏళ్లలో ఎబెనెజరు అన్న మాటను ఎన్ని రాళ్ల మీద చెక్కాడో నతానియేలుకే గుర్తులేదు. బెజవాడ చుట్టుపక్కల క్రైస్తవులు ఇల్లు కట్టుకుంటే గేటు పక్కన ఆ పేరు పెట్టుకోవడం ముచ్చట. ఇంతవరకు దేవుడు సహాయం చేశాడని దాని భావం. స్లాబు పడగానే నతానియేలు కొట్టుకి వచ్చేవారు. నల్ల గ్రానైటు పలక, ఉలితో అక్షరాలు, వాటిలో బంగారు రంగు. కంప్యూటర్ స్టిక్కర్లు వచ్చి అందరూ మిషన్లకి మారినా ఆయన ఉలి వదల్లేదు. మొండిమనిషి. ఆ మొండితనమే ఆయన కొంప తీసింది.

తన ఇంటికీ అదే పేరు పెట్టుకున్నాడు. బుడమేరు వాగు పక్కన పల్లపు కాలనీలో రెండు గదుల డాబా. బుడమేరు పొంగిన ఏడు, ఆ శనివారం సాయంత్రానికే వీధిలో మోకాలి లోతు నీళ్లు. పక్కింటివాళ్లు మూటలు సర్దుకుని వెళ్లిపోయారు. భార్య హెలెన్‌కి పదేళ్లుగా షుగరు, రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి. గన్నవరంలో కూతురు వినీల ఇంటికి పోదామంది. ఒకసారి కాదు, మూడుసార్లంది. మూడోసారికి ఆయనకి కోపం వచ్చింది.

"ఇంతవరకూ కాపాడినోడు ఇవాళ వదిలేస్తాడా? గేటు మీద రాసుకుంది ఉత్తినే రాసుకున్నామా?" అన్నాడు.

హెలెన్ లోపలి గదిలోకి వెళ్లిపోయింది. తెల్లారేసరికి నీళ్లు కిటికీ ఎక్కాయి. ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్ మునిగిపోయింది. ఆమెను భుజాన వేసుకుని డాబా ఎక్కాడు. రెండు రోజులు అక్కడే, తిండి లేదు, మందు లేదు. దూరంగా పోతున్న పడవలకి గొంతు పోయేలా కేకలేశాడు. మూడోనాడు ఒక పడవ వచ్చేసరికి హెలెన్ ఆయన ఒళ్లోనే పోయింది.

ఎందుకు వెళ్లలేదని జనం అడగరూ? అడిగారు. హెలెనే కదలనంది, దేవుడున్నాడంది అని నతానియేలు అబద్ధమాడేశాడు. ఇంకేముంది, ఆ మాట సంఘమంతా పాకింది. ప్రాణం మీదికొచ్చినా హెలెనమ్మ విశ్వాసం చెదరలేదని స్త్రీల కూటంలో సాక్ష్యాలు చెప్పుకున్నారు. ఆదివారం ప్రసంగంలో కూడా ఆమె పేరు వచ్చింది. ఆయన వెనక బెంచీలో కూర్చుని, సిగ్గుతో చితికిపోతూ అదంతా విన్నాడు. నిజం మాత్రం బయటపెట్టలేదు. చెబితే ఉన్న ఒక్క కూతురూ తన ముఖం చూడదని భయం.

ఏడాది తిరిగింది. నవంబరు రెండున సమాధుల పండుగ, ఆలోపు హెలెన్ సమాధికి రాయి నిలబెట్టాలి. అమ్మ నమ్మి ప్రాణమిచ్చిన మాట, రాయి మీద ఎబెనెజరు అని చెక్కాల్సిందేనని వినీల పట్టుబట్టింది. నతానియేలు పేరు చెక్కాడు, తేదీలు చెక్కాడు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఉలి పక్కన పెట్టేశాడు. ఉలికి పదును లేదని ఒకరోజు, నడుం నొప్పని ఒకరోజు, కూతురికి వంకలు చెబుతూ వారం గడిపాడు.

చివరికి సంఘ పాస్టరు సొలొమోను అయ్యగారి దగ్గరికి వెళ్లాడు. ఆ మాట సమాధుల మీద పెట్టకూడదని ఆయన చేతే అనిపిస్తే పీడా పోతుందని ఆశ. అయ్యగారు సెమినరీలో హీబ్రూ చదివినాయన. ఒక్క మాట అడిగితే గంటసేపు చెబుతారు. ఎబెన్ అంటే రాయి, ఏజెర్ అంటే సహాయం, శత్రువుల మీద గెలిచాక సమూయేలు ప్రవక్త నిలబెట్టిన రాయికి ఆ పేరన్నారు. ఏదెను తోటలో ఆదాముకి దేవుడిచ్చిన స్త్రీని కూడా హీబ్రూలో ఏజెర్ అనే అన్నారట. అది వినగానే నతానియేలుకి హెలెన్ గుర్తొచ్చింది. దేవుడిచ్చిన సహాయం ఇంట్లోనే ఉండి మూడుసార్లు చెబితే, తను కసురుకున్నాడు.

అయ్యగారు అక్కడితో ఆపలేదు.

"చాలామందికి తెలీదు గానీ నతానియేలు గారూ, బైబిల్లో ఆ పేరు గెలుపు కన్నా ముందే వస్తుందండీ. ఇశ్రాయేలీయులు అక్కడే దండు దిగి ఓడిపోయారు. అప్పుడు దేవుడి ఆజ్ఞలున్న మందసం పెట్టె తెప్పించుకున్నారు. అది మధ్యలో ఉంటే చాలు, అదే కాపాడుతుందనుకున్నారు. ముప్పై వేలమంది చచ్చిపోయారు. మందసం కూడా శత్రువుల చేతికి పోయింది."

నతానియేలు లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఆ మాట చెక్కి పొట్ట పోసుకున్నాడే గానీ, అది ఎక్కడ పుట్టిందో ఒక్కనాడూ తెరిచి చదవలేదు. తను చేసిందీ అదే. గేటు మీద రాయి ఉంది కదా అని కట్టుకున్నదాన్ని వరదలో కూర్చోబెట్టాడు. అయ్యగారు కాఫీ తాగి వెళ్లమంటున్నా వినిపించుకోకుండా కొట్టుకి వచ్చి, వినీలకి ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాడు.

మధ్యాహ్నానికి వచ్చింది. రాయి పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

"మీ అమ్మ వెళ్దామంది. మూడుసార్లంది. నేనే కదల్లేదు. నీకు అబద్ధం చెప్పానమ్మా" అన్నాడు.

తిట్టినా పడదామనే సిద్ధపడ్డాడు. వినీల తిట్టలేదు. చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ రాయి వైపు చూసింది.

"నాకు తెలుసు నాన్నా. ఆ సాయంత్రం అమ్మ నాకు ఫోన్ చేసింది. మీ నాన్న నా మాట వినట్లేదు, నువ్వు చెబితే వింటాడు, ఒక్కసారి మాట్లాడవే అంది. పిల్లాడికి జ్వరం, చిరాగ్గా ఉన్నా. నాన్న మాట వినమ్మా, దేవుడే చూసుకుంటాడులే అని పెట్టేశా. అమ్మే రానందని నువ్వు చెప్పినప్పుడు అబద్ధమని తెలుసు. అదే నిజమైతే బాగుండుననుకున్నా."

ఏడాదిగా ఒకే అబద్ధాన్ని చెరో పక్కా మోశారు పాపం, తండ్రీ కూతుళ్లు. నతానియేలు ఆమె తల నిమరబోయాడు. చేతికి రాతిపొడి ఉందని ఆగి, మళ్లీ అలాగే నిమిరాడు. అప్పుడు ఏడ్చింది వినీల.

సమాధుల పండుగ నాడు హెలెన్ రాయి మీద పేరు, రెండు తేదీలు మాత్రమే ఉన్నాయి. అంతటి విశ్వాసురాలికి ఒక్క వాక్యమైనా చెక్కలేదేమని సంఘ పెద్దలు అడిగారు. కొవ్వొత్తులు వెలిగిస్తున్నవాళ్లు కూడా ఆగి ఇటు చూశారు.

"తను వెళ్దామందండీ. మేమే వినలేదు" అన్నాడు నతానియేలు.

వినీల పక్కన నిలబడి, అవునంది.